షుగర్ ఫ్యాక్టరీ మూతపడింది.. చరిత్రను కాపాడేదెవరు? హెరిటేజ్ కన్జర్వేషన్‌లో పీహెచ్‌డీ చేయాలంటే..

బోధన్ పక్కనే ఉన్న శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో ఏర్పాటైంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీగా పేరు తెచ్చుకుంది. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి వెళ్లింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించి గేటుకు తాళం వేశారు. 2024 జనవరిలో పునరుద్ధరణ కోసం రాష్ట్ర ప్రభుత్వం కమిటీ వేసింది.

ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకుంటుందా అన్నది చెరుకు రైతులు, కార్మికులు అడుగుతున్న ప్రశ్న. దాని పక్కనే ఎవరూ పెద్దగా అడగని ప్రశ్న ఇంకొకటి ఉంది. ఆ యంత్రాలు, క్వార్టర్లు, పాత రిజిస్టర్లు, అక్కడ పనిచేసినవారి జ్ఞాపకాలు.. వీటిలో ఏది ఉంచాలి, ఎలా ఉంచాలి? దీనికి జవాబు చెప్పడానికి ఒక చదువు ఉంది. దాని పేరు సాంస్కృతిక వారసత్వ పరిరక్షణ, అంటే హెరిటేజ్ కన్జర్వేషన్. ఇందులో పీహెచ్‌డీ కూడా చేయవచ్చు.

నిజామాబాద్‌లోనో బోధన్‌లోనో డిగ్రీ, పీజీ చేసినవారు ఈ చదువు గురించి వినడమే తక్కువ. విన్నవారికి కూడా ఏ యూనివర్సిటీకి వెళ్లాలి, ఏ పరీక్ష రాయాలి, ఖర్చుకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది అన్నవి స్పష్టంగా తెలియవు. ఒక్క మాటలో చెప్పాలంటే, సీటు మీకు హైదరాబాద్‌లోనో నోయిడాలోనో దొరకవచ్చు. పరిశోధన అంశం మాత్రం మీ ఊళ్లోనే ఉంది. ముందు అంశం, ఆ తర్వాత గైడ్, ఆ తర్వాతే యూనివర్సిటీ. ఈ వరుస తప్పితే ఐదారేళ్లు వృథా అయ్యే ప్రమాదం ఉంది.

అసలు ఇది ఏ చదువు?

పాత గుడికి జీర్ణోద్ధరణ చేయడం మనకు కొత్త కాదు. చందాలు వేసుకుంటాం, గోపురానికి రంగులు వేయిస్తాం, గచ్చు తీసేసి టైల్స్ పరుస్తాం. భక్తితో చేసే పనే అయినా చాలాసార్లు పాత కట్టడానికి దానివల్ల నష్టం జరుగుతుంది. పరిరక్షణ పద్ధతి వేరు. ఉన్నదాన్ని వీలైనంతవరకు ఉన్నట్టే నిలబెట్టాలి. చేసిన ప్రతి మార్పునూ రాసిపెట్టాలి. రేపు ఇంకా మంచి పద్ధతి వస్తే మనం చేసిన పనిని తీసేసి సరిచేసే వీలుండాలి.

ఒక ఉదాహరణ చూడండి. పాత కోటలు, గుళ్లు, గడీలు చాలావరకు డంగుసున్నంతో కట్టినవి. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం కలిపి సున్నం తయారుచేసే పద్ధతి దక్షిణాదిలో ఉండేది. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. లోపలికి చేరిన తేమ సున్నం గుండానే బయటికి వెళ్లిపోతుంది. అలాంటి గోడకు సిమెంటు పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తేమ రాయి గుండా, ఇటుక గుండా బయటపడుతుంది. దాంతోపాటు వచ్చిన లవణాలు పైపొరలో గడ్డకట్టి రాయిని పెచ్చులుగా ఊడదీస్తాయి. గట్టిగా ఉండాలని వేసిన సిమెంటే గోడను తినేస్తుందన్న మాట. ఎందుకిలా జరుగుతోంది, ఏ పాళ్లలో సున్నం కలపాలి, ఏ రాయికి ఏ వైద్యం చేయాలి అని తేల్చేదే పరిరక్షణ పరిశోధన.

ఒక విషయం ముందే తెలుసుకోండి. పీహెచ్‌డీ అంటే చేతిపని శిక్షణ కాదు. చెదలు పట్టిన తాళపత్రాన్ని శుభ్రం చేయడం, పగిలిన విగ్రహాన్ని అతికించడం లాంటివి పీజీ స్థాయిలో, ల్యాబుల్లో, సైట్ల మీద నేర్చుకునే పనులు. పీహెచ్‌డీలో మీరు ఒక కొత్త ప్రశ్న వేసి, ఆధారాలతో జవాబు రాబట్టి, థీసిస్‌గా రాయాలి. చేతిపని మీదే మీకు ఇష్టముంటే మంచి పీజీ, ఆ తర్వాత సైట్ అనుభవం చాలు. పీహెచ్‌డీ అవసరం లేకపోవచ్చు.

అర్హత ఏమిటి?

యూజీసీ 2022లో తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలే ఇప్పుడు అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం:

- రెండేళ్ల పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి.
- నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఏడాది పీజీ పూర్తి చేసినవారూ 55 శాతంతో అర్హులే.
- నాలుగేళ్ల డిగ్రీతోనే నేరుగా చేరాలంటే 75 శాతం కావాలి.
- ఎస్సీ, ఎస్టీ, నాన్ క్రీమీలేయర్ ఓబీసీ, దివ్యాంగులు, ఈడబ్ల్యూఎస్ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంటుంది.

మరి ఎంఫిల్? ఈ నిబంధనలతో ఎంఫిల్ రద్దయింది. ఎంఫిల్‌లో చేరవద్దని 2023 డిసెంబరులో యూజీసీ విద్యార్థులను హెచ్చరించింది కూడా. ఎవరైనా ఎంఫిల్ సీటు ఇప్పిస్తామంటే ఫీజు కట్టకండి.

ఉద్యోగం చేస్తున్నవారికి పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ అవకాశం ఉంది. పనిచేస్తున్న సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలి. ప్రభుత్వ టీచర్లకు, జూనియర్ లెక్చరర్లకు ఇది ఉపయోగపడుతుంది.

ఏ డిగ్రీ చేసినవారికి ఏ దారి?

పరిరక్షణ ఒక్క సబ్జెక్టు కాదు. నాలుగైదు సబ్జెక్టులు కలిసే చోటు. మీ డిగ్రీని బట్టి దారి మారుతుంది.

చరిత్ర, ఆర్కియాలజీ చదివినవారు: ఉస్మానియా యూనివర్సిటీలో ప్రాచీన భారత చరిత్ర, సంస్కృతి, పురావస్తు శాస్త్ర విభాగం ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చరిత్ర విభాగం ఉంది. శాసనాలు, కట్టడాల చరిత్ర, వారసత్వ చట్టాల అమలు లాంటి అంశాలు ఈ దారిలో తీసుకోవచ్చు.

కెమిస్ట్రీ, ఫిజిక్స్, బోటనీ చదివినవారు: ఈ రంగంలో సైన్సు వారికి చోటు లేదనుకోవడం పొరపాటు. సున్నం, రాయి, లోహం, కాగితం, రంగు.. అన్నీ రసాయన శాస్త్రమే. ఆర్కియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాకు దెహ్రాదూన్ కేంద్రంగా ప్రత్యేకంగా సైన్స్ బ్రాంచి ఉంది. లక్నోలో 1976లో ఏర్పాటైన జాతీయ పరిరక్షణ పరిశోధనశాల, ఎన్ఆర్ఎల్‌సీ, ఈ పనే చేస్తోంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోనూ కన్జర్వేషన్ ల్యాబ్ ఉంది.

ఆర్కిటెక్చర్, సివిల్ చదివినవారు: బీఆర్క్ తర్వాత కన్జర్వేషన్‌లో పీజీ చేయడం మామూలు దారి. ఢిల్లీ, భోపాల్‌లోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్, అహ్మదాబాద్‌లోని సెప్ట్ యూనివర్సిటీ ఇందులో పేరున్నవి. మన దగ్గర విజయవాడలోనూ స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. హైదరాబాద్‌లో జేఎన్ఏఎఫ్ఏయూ ఉంది.

తెలుగు, ఉర్దూ, జానపద సాహిత్యం చదివినవారు: వారసత్వం అంటే రాళ్లు మాత్రమే కాదు. పాట, కథ, పనిముట్టు, వంట, పండుగ.. అన్నీ వారసత్వమే. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో జానపద సంస్కృతి అధ్యయన కేంద్రం ఉంది.

మ్యూజియం, ఆర్కైవ్స్ వైపు వెళ్లాలనుకునేవారు: బరోడాలోని ఎంఎస్ యూనివర్సిటీలో మ్యూజియాలజీ విభాగం 1952 నుంచి నడుస్తోంది. పాత రికార్డుల సంరక్షణలో శిక్షణ కావాలంటే ఢిల్లీలోని జాతీయ ఆర్కైవ్స్ ఆధ్వర్యంలో స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్ ఉంది.

ఈ దారులన్నీ కలిసే సంస్థ నోయిడాలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్. పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్. 1989లో ఏర్పాటైన ఈ డీమ్డ్ యూనివర్సిటీలో కళా చరిత్ర, కన్జర్వేషన్, మ్యూజియాలజీల్లో పీజీ, పీహెచ్‌డీ రెండూ ఉన్నాయి.

జిల్లాలోనే ఉండి చదవవచ్చా?

డిచ్‌పల్లిలో తెలంగాణ యూనివర్సిటీ 2006 నుంచి ఉంది. అయితే 'కన్జర్వేషన్' అన్న పేరుతో సీటు వెతకకండి. విభాగాన్ని బట్టి అంశాన్ని మలుచుకోండి. ఉదాహరణకు, చెరుకు కార్మికుల జీవన కథనాలు తెలుగు విభాగంలో సరిపోయే అంశం. పాత సున్నపు మిశ్రమాల విశ్లేషణ కెమిస్ట్రీకి సరిపోతుంది. ఆ అంశం మీద ఆసక్తి ఉన్న గైడ్ దొరుకుతారా అన్నదే ముఖ్యం. విభాగం ఉన్నా గైడ్ లేకపోతే సీటు ఉన్నా లాభం లేదు.

ఇంటి దగ్గరే ఉండాల్సిన పరిస్థితి ఉన్న అమ్మాయిలు, పెళ్లయినవారు ఈ దారిని తేలిగ్గా తీసిపారేయకండి. పరిశోధన స్థలం పక్కనే ఉండటం పెద్ద లాభం. హైదరాబాద్ నుంచి వచ్చే స్కాలర్ రెండు రోజులు చూసి వెళ్లే చోటును మీరు ఏడాది పొడవునా, వానాకాలంలో ఒకలా, ఎండాకాలంలో ఒకలా చూడగలరు.

నెట్ రాయాలా? ఏ సబ్జెక్టులో?

2024 జూన్ నుంచి యూజీసీ నెట్ స్కోరుతోనే పీహెచ్‌డీ ప్రవేశాలు పొందే వీలు కల్పించారు. నెట్ ఏడాదికి రెండుసార్లు జరుగుతుంది. రెండు పేపర్లకు కలిపి మూడు గంటల సమయం, 300 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు.

ఫలితాలు మూడు కేటగిరీలుగా వస్తాయి. మొదటిది జేఆర్ఎఫ్, అంటే ఫెలోషిప్‌తోపాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. రెండోది అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత, పీహెచ్‌డీ ప్రవేశం. మూడోది పీహెచ్‌డీ ప్రవేశం మాత్రమే. రెండు, మూడు కేటగిరీల్లో నెట్ మార్కులకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ ఉంటుంది. ఆ స్కోరు ప్రవేశానికి ఏడాది మాత్రమే చెల్లుతుంది.

చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, నెట్‌లో 'మ్యూజియాలజీ అండ్ కన్జర్వేషన్' అన్న సబ్జెక్టు విడిగా ఉంది. ఆర్కియాలజీ, ఇండియన్ కల్చర్, ఫోక్ లిటరేచర్ కూడా విడివిడి సబ్జెక్టులే. చరిత్ర చదివినవారందరూ అలవాటుగా హిస్టరీకే దరఖాస్తు చేస్తారు. మీ పీజీ సబ్జెక్టు, మీరు చేరాలనుకుంటున్న విభాగం అంగీకరించే సబ్జెక్టు రెండూ చూసుకుని ఎంచుకోండి.

రాష్ట్రంలో జరిగే టీజీ సెట్‌తో అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది కానీ జేఆర్ఎఫ్ రాదు. ఈ రెండింటినీ కలిపేసుకుని మోసపోకండి.

డబ్బు సంగతి?

ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న ఇదే. పీజీ అయ్యాక ఇంకో ఐదేళ్లు చదివిస్తే తిండి ఎవరు పెడతారని తల్లిదండ్రులు అడగడంలో తప్పు లేదు. జవాబు జేఆర్ఎఫ్ మీద ఆధారపడి ఉంటుంది.

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ కింద మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్‌గా నెలకు 42,000 రూపాయలు ఇస్తున్నారు. హెచ్ఆర్ఏ అదనం. జేఆర్ఎఫ్‌కు వయసు 30 ఏళ్లు మించకూడదు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలకు ఐదేళ్ల సడలింపు ఉంది.

జేఆర్ఎఫ్ రాకపోతే వేరే దారులు చూడాలి. ఎస్సీ, ఓబీసీ స్కాలర్లకు నెట్ ఫలితాల ఆధారంగా కేంద్రం జాతీయ ఫెలోషిప్‌లు ఇస్తోంది. ఎస్టీ స్కాలర్లకు ఏటా 750 ఫెలోషిప్‌లు ఉన్నాయి. చరిత్రలో పీహెచ్‌డీ చేస్తున్నవారు ఐసీహెచ్ఆర్‌కు, సామాజిక శాస్త్రాల వారు ఐసీఎస్ఎస్ఆర్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మైనారిటీ విద్యార్థులకు ఉన్న మౌలానా ఆజాద్ ఫెలోషిప్ 2022-23 నుంచి కొత్తవారికి ఆగిపోయింది. పాత కరపత్రాలు చూసి దాన్ని నమ్ముకోకండి.

ఫెలోషిప్ చేతిలో లేకుండా ఫుల్‌టైమ్‌లో చేరేముందు ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. క్షేత్ర పర్యటనలు, ల్యాబ్ పరీక్షలు, ఫొటోలు, టైపింగ్ అన్నింటికీ ఖర్చవుతుంది.

మన దగ్గర ఏం పరిశోధించవచ్చు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఇందూరు నేల మీద పరిశోధనకు అంశాల కొరత లేదు.

శక్కర్‌నగర్: ఫ్యాక్టరీని వారసత్వంగా చూడటం మన దగ్గర కొత్త. ప్రపంచంలో కొత్త కాదు. 2003లో రష్యాలోని నిజ్నీ తగిల్ నగరంలో ఆమోదించిన చార్టర్ ప్రకారం పరిశ్రమల భవనాలు, యంత్రాలు, కార్మికుల నివాసాలు, రికార్డులు అన్నీ వారసత్వమే. చెరుకు బోధన్‌కు ఊరికే రాలేదు. మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఆ కాల్వ నీళ్లు వచ్చాకే చెరుకు, చెరుకు వచ్చాకే ఫ్యాక్టరీ, ఆ తర్వాత క్వార్టర్లు, బజారు. కోస్తా జిల్లాల నుంచి వచ్చి కాల్వ కింద భూములు కొనుక్కున్న రైతుల క్యాంపులూ ఈ కథలోనివే. డ్యాం, కాల్వ, పొలం, ఫ్యాక్టరీ, క్వార్టర్లను ఒకే వారసత్వంగా చూసి నమోదు చేస్తే అది మంచి థీసిస్ అవుతుంది.

ఇక్కడ తొందరపడాల్సిన కారణం ఒకటి ఉంది. 1970లో ఇరవై ఏళ్ల వయసులో పనిలో చేరిన కార్మికుడు ఇప్పుడు డెబ్బై దాటారు. పాన్ హౌస్‌లో చక్కెర పాకం పదును ఎలా చూసేవారో, క్రషింగ్ సీజన్‌లో బండ్లు ఎంత దూరం బారులు తీరేవో వాళ్లకే తెలుసు. యంత్రానికి తుప్పు పట్టినా బొమ్మ గీసుకోవచ్చు. మనిషి వెళ్లిపోతే ఆ జ్ఞాపకం మళ్లీ దొరకదు.

ఖిల్లా: నిజామాబాద్ ఖిల్లా మీద రఘునాథాలయం ఉంది. అదే ఖిల్లాను నిజాం కాలంలో జైలుగా వాడారు. దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి అక్కడే ఖైదీలుగా ఉన్నారు. దాశరథి జైలు గోడల మీద కవిత్వం రాశారన్నది జిల్లాలో అందరికీ తెలిసిన సంగతి. ఒకే చోట కోట, గుడి, జైలు ఉన్నప్పుడు దేన్ని కాపాడాలి? దేని కోసం దేన్ని తీసేయవచ్చు? ఇదీ పరిరక్షణ పరిశోధన ప్రశ్నే.

బోధన్ దేవల్ మసీదు: పేరులోనే రెండు కాలాలు ఉన్నాయి. నక్షత్రాకారపు కట్టడం, చెక్కిన స్తంభాలు దాని ఆలయ కాలాన్ని చెబుతాయి. ఆ తర్వాత అది మసీదైంది. ఇలాంటి చోట స్కాలర్ పని ఎవరిదన్న తగవు తీర్చడం కాదు. ఏ పొర ఎప్పటిది, ఏ రాయి ఎందుకు దెబ్బతింటోంది అన్నది నమోదు చేయడం. ఒక కట్టడానికి అన్ని కాలాల్లో జరిగిన చేర్పులనూ గౌరవించాలని 1964 నాటి వెనిస్ చార్టర్ చెబుతోంది. అశ్మక జనపద రాజధాని పోదన ఈ బోధనే అని చాలామంది చరిత్రకారులు గుర్తించారు. ఊరు పెరుగుతుంటే అడుగునున్న పాత పొరలు ఏమవుతున్నాయన్నదీ మంచి అంశమే.

డిచ్‌పల్లి: గుట్ట మీది రామాలయం శిల్పాలకు పేరు. అదే ఊళ్లో కుష్ఠు రోగుల కోసం ఇసబెల్ కెర్ అనే మిషనరీ డాక్టర్ 1915లో మొదలుపెట్టిన విక్టోరియా ఆసుపత్రి ఉంది. ఆసుపత్రి భవనాలు, రోగుల రికార్డులు కూడా వారసత్వమే. రోగుల పేర్లు బయటపడకుండా వాటిని ఎలా భద్రపరచాలన్నది ఈ అంశంలో ఎదురయ్యే చిక్కు.

పని ఎలా ఉంటుందో కళ్లారా చూడాలంటే దోమకొండకు వెళ్లండి. 2016 వరకు నిజామాబాద్ జిల్లాలో, ఇప్పుడు కామారెడ్డి జిల్లాలో ఉన్న దోమకొండ కోటకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ పురస్కారాల్లో మెరిట్ అవార్డు దక్కింది. ఒక కుటుంబం చేతిలో ఉన్న కోటను కాపాడితే వచ్చిన గుర్తింపు అది. హైదరాబాద్ వెళ్లినప్పుడు కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగాఖాన్ ట్రస్ట్ చేసిన పనిని కూడా చూడండి. సిమెంటు తీసేసి సున్నం వాడటం అంటే ఏమిటో అక్కడ అర్థమవుతుంది.

భాష సమస్య అవుతుందా?

ఇంగ్లిష్ రాదని వెనక్కి తగ్గేవారు ఎక్కువ. థీసిస్ భాష విభాగాన్ని బట్టి ఉంటుంది. తెలుగు, ఉర్దూ విభాగాల్లో ఆ భాషల్లోనే రాయవచ్చు. అసలు అడ్డంకి వేరే ఉంది. నిజాం కాలం పాలనా భాష ఉర్దూ, అంతకుముందు ఫారసీ. ఆ కాలం మీద పనిచేయాలంటే ఉర్దూ చదవడం రావాలి. నిజామాబాద్, బోధన్‌లలో ఉర్దూ నేర్పేవారికి కొదవ లేదు. పక్కింట్లోనే దొరుకుతారు. రోజుకు అరగంట కేటాయిస్తే లిపి పట్టుబడటం కష్టం కాదు. జిల్లా పిల్లలకు ఉన్న ఈ సౌకర్యం బయటి స్కాలర్లకు ఉండదు.

అనుమతులు ఎవరిని అడగాలి?

ఇక్కడే చాలామంది ఏడాది పోగొట్టుకుంటారు. ముందు ఆ కట్టడం ఎవరి అధీనంలో ఉందో తేల్చుకోండి.

- కేంద్ర రక్షిత కట్టడమైతే ఆర్కియలాజికల్ సర్వే. దాని చుట్టూ 100 మీటర్ల వరకు నిర్మాణాలపై నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు నియంత్రణ ఉంటాయి.
- రాష్ట్ర రక్షిత కట్టడమైతే హెరిటేజ్ తెలంగాణ శాఖ. 2017 నాటి తెలంగాణ వారసత్వ చట్టం వర్తిస్తుంది.
- పూజలు జరిగే గుడి అయితే దేవాదాయ శాఖ, వక్ఫ్ ఆస్తి అయితే వక్ఫ్ బోర్డు.
- లిక్విడేషన్‌లో ఉన్న కంపెనీ అయితే ఆస్తి లిక్విడేటర్ అధీనంలో ఉంటుంది. వాచ్‌మన్‌ను బతిమాలి లోపలికి వెళ్లడం పరిశోధన కాదు. రాతపూర్వక అనుమతి లేకుండా తీసిన ఫొటో థీసిస్‌లో పెడితే తర్వాత ఇబ్బంది.

రాయి ముక్క, సున్నం పొడి నమూనా తీసుకోవడానికి విడిగా అనుమతి కావాలి. గోరంత గీకినా అది నష్టమే.

పాత రికార్డుల కోసం హైదరాబాద్ తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. యూనివర్సిటీ నుంచి పరిచయ లేఖ తీసుకెళ్లండి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఉన్న కాగితాలకు 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. 30 రోజుల్లో జవాబివ్వాలి. నిజామాబాద్ తిలక్ గార్డెన్‌లోని పురావస్తు మ్యూజియం నుంచి మొదలుపెడితే ఖర్చు లేని పని.

మనుషుల జ్ఞాపకాలు రికార్డు చేసేటప్పుడు కూడా అనుమతి తప్పనిసరి. ఎందుకు రికార్డు చేస్తున్నారో చెప్పండి. పేరు వేయాలా వద్దా అడగండి. బకాయిలు, కేసులు ఉన్నవారు చెప్పిన మాట వారికే చేటు చేయకూడదు.

ఎన్నేళ్లు పడుతుంది?

కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. రీ రిజిస్ట్రేషన్‌తో మరో రెండేళ్లు పొడిగిస్తారు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి ఇంకో రెండేళ్లు అదనం. మహిళా స్కాలర్లకు మొత్తం కాలంలో 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు తీసుకునే వీలుంది.

మొదట కనీసం 12 క్రెడిట్ల కోర్సువర్క్ ఉంటుంది. అందులో పరిశోధన, ప్రచురణ నైతికత మీద ఒక పేపర్ తప్పనిసరి. 55 శాతం రావాలి. తర్వాత ప్రతి సెమిస్టర్‌లో సలహా కమిటీ ముందు పురోగతి చెప్పాలి. చివరికి థీసిస్‌ను గైడ్‌తోపాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చూస్తారు. ఆ తర్వాత వైవా. కాపీ కొట్టారా అన్నది సాఫ్ట్‌వేర్‌తో పరీక్షిస్తారు. డబ్బు తీసుకుని థీసిస్ రాసిపెడతామనే వారి జోలికి వెళ్లకండి.

గైడ్ ఎంపికలో రెండు లెక్కలు గుర్తుంచుకోండి. ప్రొఫెసర్ దగ్గర గరిష్ఠంగా ఎనిమిది మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు స్కాలర్లే ఉండాలి. రిటైర్మెంట్‌కు మూడేళ్లలోపు ఉన్నవారు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ఖాళీ ఉందా, సర్వీసు ఎంత ఉంది అని ముందే మర్యాదగా అడిగి తెలుసుకోండి.

విదేశాల్లో చదవాలంటే?

బ్రిటన్‌లో ఈ రంగంలో పరిశోధన డిగ్రీలు చాలా ఉన్నాయి. వారసత్వ పరిరక్షణ చదివే భారతీయులకు చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ సాయం చేస్తుంది. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌లూ ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యా పథకాల కింద 20 లక్షల రూపాయల వరకు సాయం అందుతుంది. మీ కోర్సు, దేశం ఆ ఏడాది జాబితాలో ఉన్నాయో లేదో నోటిఫికేషన్‌లో చూసుకోండి. పీహెచ్‌డీ కాకుండా తక్కువ కాలపు శిక్షణ చాలనుకుంటే రోమ్‌లోని ఇక్రోమ్ సంస్థ కోర్సులు నడుపుతుంది.

చివరికి ఉద్యోగం వస్తుందా?

దాచకుండా చెప్పుకుందాం. పోస్టులు తక్కువ. ఆర్కియలాజికల్ సర్వేలో పై స్థాయి పోస్టులను యూపీఎస్సీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర హెరిటేజ్ శాఖలో నోటిఫికేషన్లు తరచుగా రావు. యూనివర్సిటీ, డిగ్రీ కాలేజీల్లో అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులకు పీహెచ్‌డీ పనికొస్తుంది. 1984లో ఏర్పాటైన ఇన్‌టాక్, ఆగాఖాన్ ట్రస్ట్ లాంటి సంస్థలు, మ్యూజియాలు, కన్జర్వేషన్ ఆర్కిటెక్టుల ఆఫీసుల్లో ప్రాజెక్టు పనులు దొరుకుతాయి. సైట్ మీద పనికి డిగ్రీ ఒక్కటే చాలదు. కొలతల డ్రాయింగ్ గీయడం, ల్యాబ్ పరీక్ష చేయడం, పాత లిపి చదవడం లాంటి నైపుణ్యం ఒక్కటైనా గట్టిగా ఉండాలి. పీహెచ్‌డీ చేసే ఐదేళ్లలో అలాంటిది ఒకటి చేతికి తెచ్చుకోండి.

ఈ నెలలోనే ఏం చేయవచ్చు?

1. మీకు బాగా తెలిసిన ఒక్క చోటు ఎంచుకోండి. గుడి, బావి, ఫ్యాక్టరీ క్వార్టర్.. ఏదైనా సరే. నాలుగుసార్లు వెళ్లి చూడండి. కనిపించినది తేదీతో సహా నోటుబుక్కులో రాయండి.
2. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆ అంశం మీద ఇదివరకే థీసిస్ వచ్చిందేమో వెతకండి. అక్కడ థీసిస్‌లు ఉచితంగా చదవవచ్చు.
3. ఆ థీసిస్‌ల మొదటి పేజీలో గైడ్ పేరు ఉంటుంది. ఇప్పటికీ సర్వీసులో ఉన్నారా చూసి, ఒక పేజీలో మీ ప్రశ్న రాసి పంపండి.
4. నెట్ సబ్జెక్టు సిలబస్ డౌన్‌లోడ్ చేసి, మీ పీజీ పాఠాలతో పోల్చుకోండి.
5. ఇంట్లో పెద్దవాళ్లలో ఫ్యాక్టరీలోనో, కాల్వ మీదో, రైల్వేలోనో పనిచేసినవారు ఉంటే, వాళ్ల అనుమతితో ఒక గంట మాట్లాడి ఫోన్‌లో రికార్డు చేయండి.

ఐదో పనికి సీటు అక్కర్లేదు, నోటిఫికేషన్ అక్కర్లేదు. మీరు పీహెచ్‌డీలో చేరినా చేరకపోయినా ఆ గంట రికార్డు ఎప్పటికైనా పనికొస్తుంది. శక్కర్‌నగర్ గేటు మళ్లీ తెరుచుకునే రోజు వచ్చినా రాకపోయినా, ఆ గేటులోంచి డ్యూటీకి వెళ్లినవారు ఇంకా మన మధ్య ఉన్నప్పుడే వాళ్లను అడిగి రాసుకోవాలి.